పై అర... కింది అర

సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డుకు దగ్గర్లో ఉన్న ఆ ఇంట్లో పుస్తకాల బీరువాకు రెండే అరలు. పై అరలో నచ్చినవి, కింది అరలో నచ్చనివి. అటూ ఇటూ కానివాటికి ఆ ఇంట చోటు లేదు. చదవడం పూర్తవగానే ఎవరో ఒకరి చేతిలో పెట్టేస్తారు.

ఆ ఇంటి పెద్దాయన తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. తడ చుట్టుపక్కల హైస్కూళ్లలోనే, పులికాట్ ఉప్పుగాలి పీలుస్తూ సర్వీసంతా గడిచిపోయింది. ‘సార్, మంచి పుస్తకం ఏదైనా చెప్పండి’ అని పాత విద్యార్థులెవరైనా అడిగితే ‘ముందు నచ్చనివి చెబుతా, విను’ అంటూ కింది అర దగ్గర చతికిలబడతారు.

అందులో ఎక్కువ భాగం వ్యక్తిత్వ వికాస గ్రంథాలే. పదవీ విరమణప్పుడూ, ఆ తర్వాతి సన్మానాల్లోనూ శాలువాతో పాటు వచ్చినవి. ‘శాలువా అయితే మార్గశిరంలో కప్పుకోవచ్చు, ఇవి ఎందుకూ?’ అన్నది ఆయన ఫిర్యాదు. వాటి సంగతి అక్కడితో సరి. వినేవాళ్లు ఉలిక్కిపడేది ఆ తర్వాతే. విశ్వనాథ వారి ‘వేయిపడగలు’, గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ కూడా ఆ అరలోనే ఉన్నాయి మరి. తెలుగు పండితుడై ఉండి ఇదేం మాట అనబోతే ఆయన ఆగరు. ‘వేయిపడగలు గొప్పది కాదని నేనన్నానా? నాకు నచ్చలేదన్నా. ఆ సుబ్బన్నపేటలో మా వాళ్లకు గుడిసె వేసుకునే చోటు కనపడలేదు. రెండుసార్లు వెతికా’. ఇక గోపీచంద్ నాయకుడు సీతారామారావు మీద ఆయనకున్నది శుద్ధ కోపం. ‘తెల్లారుజామున లేచి నాలుగు రోజులు వల లాగుంటే అన్ని ఆలోచనలు వచ్చేవా వాడికి!’

ఈ విమర్శ ఏ సాహిత్య సభలోనూ నిలబడదు. కానీ పుస్తకం నచ్చడం, నచ్చకపోవడం సభల్లో తేలే విషయమా? గొప్పదని అందరూ అన్నదాన్ని నచ్చలేదని చెప్పడానికి కాస్త గుండె కావాలి. పైగా ఆయన చదవకుండా అనడం లేదు. ఆ రెండు పుస్తకాల అంచులూ వేళ్లు తగిలి తగిలి నలిగిపోయి ఉంటాయి.

పై అరలో జనం తక్కువ. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ ఉంది. డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ ఉంది. ఒక ముసలాయన, తప్పిపోయిన సూడిపంది, చుట్టూ అడవి... అంతే కథ. దాన్ని చిన్న పుస్తకంలో చెప్పి ముగించాడంటే ఆయనకు ఎనలేని గౌరవం. ఇద్దరూ చిత్తూరు జిల్లా మట్టిలో పుట్టినవాళ్లే. సూళ్లూరుపేట 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లా. ‘జిల్లా మారకముందే నా బీరువా మారింది’ అని నవ్వుతారు.

అన్నింటికన్నా ముందు, చెయ్యి చాచగానే అందేచోట ఉన్నది స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’. చిలకా తర్వాత దేశంలో అంతటి ఉప్పునీటి సరస్సు పులికాట్. దక్షిణపు కొసన, తమిళనాడులో ఉన్న పళవేర్కాడు పేరు తెల్లవాళ్ల నోట్లో అలా మారింది. ఈ సరస్సుకు తెలుగువాళ్ల పాత పేరు ప్రళయకావేరి. ఆ పేరునే అట్టమీదికెక్కించిన రచయిత, లోపల దీవుల్లోని పల్లెలనూ, అక్కడి తాతలనూ అవ్వలనూ, తిండినీ ఆటలనూ అక్కడివాళ్లు మాట్లాడే మాటల్లోనే రాశారు. ఫ్లెమింగోలను చూడటానికి చలికాలంలో వచ్చేవాళ్లకు సరస్సు ఒక దృశ్యం. ఈ పుస్తకంలో అది కాపురం.

పండితుడికి ఈ పుస్తకం మొదట మింగుడు పడలేదు. పిల్లలు ‘ఉండాది’ అని రాస్తే ఎర్రసిరాతో ‘ఉన్నది’ అని దిద్దడం ఆయన ఉద్యోగం. పరీక్షలో మార్కులు పోతాయి కదా. తాను దిద్దిన మాటలే అచ్చులో, దర్జాగా, వరసగా కనబడేసరికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట. పొద్దున్నే పుస్తకం పై అరకెక్కింది.

అయితే ఆ అరను తన తర్వాత తెరిచేదెవరు? ఆయన బెంగంతా అదే. కూతుర్ని పొన్నేరిలో ఇచ్చారు. దూరమేమీ కాదు, రైలెక్కితే కాసేపట్లో చేరుకోవచ్చు. కానీ మధ్యలో రాష్ట్రం సరిహద్దు ఉంది. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో ఒకటో తరగతి నుంచీ తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. మనవరాలు తమిళం, ఇంగ్లిష్ గడగడా చదువుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. ‘అ’ మాత్రం గుర్తుపట్టలేదు.

పోనీ చదివి వినిపిద్దామనుకున్నారు. ఆదివారం సాయంత్రం ఫోన్ స్పీకర్‌లో పెట్టి మొదలుపెట్టారు. పత్రికల్లో వచ్చిన మంచి కథలు నాలుగైదు చదివితే, అమ్మాయి మర్యాదకు ‘ఊఁ’ కొట్టింది. ‘తాతా, న్యూస్ చదివినట్టుంది’ అని ఒకరోజు అనేసింది. ఆ తర్వాతి వారం ప్రళయకావేరి తీశారు. రెండు పేజీలు కాకుండానే అటునుంచి కేక. ‘అదేంది తాతా, మన అవ్వ మాట్లాడినట్టే ఉండాదే!’

అవ్వ పోయి చాలా కాలమైంది. ఆయన కాసేపు చదవలేకపోయారు.

అక్షరం తెలియని పిల్లకు పుస్తకం అర్థమైంది. చెవి మీదుగా వచ్చిన మాటలు కనుక, చెవిలోకే తిన్నగా వెళ్లాయి. ఒక్క కథకు మూడు ఆదివారాలు పట్టినవీ ఉన్నాయి. నచ్చిన మాటల్ని ఆ అమ్మాయి ఒక నోటుబుక్కులో రాసుకుంటోంది, తమిళ అక్షరాల్లో. తెలుగు మాటలు తమిళ లిపిలో ఉండటం చూసి పండితుడికి కొంచెం గుచ్చుకుంది కానీ పైకి ఏమీ అనలేదు. ఈసారి దిద్దలేదు కూడా.

పుస్తకం అయిపోయాక ‘ఇంగేం చదవమంటావమ్మా?’ అని అడిగారు. ‘నీకు నచ్చని పుస్తకం చదువు తాతా’ అంది. ‘నీకెందుకు నచ్చలేదో నేను చెప్తా.’

ఇప్పుడు ఆదివారాలు ‘అసమర్థుని జీవయాత్ర’ నడుస్తోంది. దీనికి ప్రతి పేరాకీ ఆగి అర్థం చెప్పాల్సి వస్తోంది. మూడో వారానికే మనవరాలు సీతారామారావు పక్షం చేరింది. పాపం, వాడి మాట వినేవాళ్లు ఒక్కరైనా ఉంటే బాగుండేదని ఆమె వాదన. ‘వల లాగితే తెలుస్తుంది’ అని తాత మామూలు మాటే అన్నారు.

‘నువ్వు లాగినావా తాతా ఎప్పుడన్నా?’

పులికాట్ ఒడ్డున పుట్టి, చాక్‌పీసు తప్ప మరేదీ పట్టని ఆ పెద్దాయన పేజీ తిప్పి, వదిలిన వాక్యం దగ్గర్నుంచి మళ్లీ అందుకున్నారు.