తలుపు కింద కోణమానిని

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయిని వాళ్ళ బడి బొమ్మ గీయమన్నాను. మూడో తరగతి చదువుతోంది. కాసేపటికి తెచ్చి చూపించింది. కాగితం నిండా మెట్లు. మెట్ల చివర ఒక ఇనుప గేటు. అంతే. "మరి మీ తరగతి ఏదమ్మా?" అంటే, "అది లోపలుంటుంది నాన్నా, కనబడదు" అంది.

కాపురాల కోసం కట్టిన భవనంలో మూడో అంతస్తు వాళ్ళ బడి. ఇంటికి దగ్గరని, చదువు బాగా చెబుతారని ఏరికోరి చేర్పించినవాణ్ణి నేనే. చేర్చేముందు ఫీజు అడిగాను, ఫలితాలు అడిగాను; కిటికీలోంచి ఏం కనిపిస్తుందని మాత్రం అడగలేదు.

నేను చదివింది పెంకుల కప్పు కింద. తూర్పు ముఖంగా పొడవాటి వసారా, దాని స్తంభాల మధ్య మా నాలుగు స్తంభాలాట. పొద్దున్న వసారాలోకి వచ్చిన ఎండ మెల్లగా వెనక్కి జరిగి మెట్లు దిగిందంటే అన్నం గంట కొట్టబోతున్నారని, గడియారం చూడడం రాకముందే మాకు తెలుసు. చాలా ఏళ్ళకు వెళ్ళి చూస్తే ఆ వసారా పట్టుమని ముప్పై అడుగులు లేదు. నా జ్ఞాపకంలో మాత్రం అది ఇప్పటికీ ఒక వీధంత పొడవు.

పిల్లల మనసులో స్థలం ఎలా రూపుకడుతుందో పియాజే, ఇన్హెల్డర్ 1948లో ఒక పుస్తకంలో వివరించారు. కొలతలూ కోణాలూ తర్వాత. మొదట తెలిసేవి దగ్గర–దూరం, లోపల–బయట, ఒకదాని వెంట ఒకటి. అదీ కేవలం కళ్ళతో కాదు. తిరిగి, తాకి, ఎక్కి, దిగి. ఆ వరుసను తర్వాతి పరిశోధకులు కొందరు ప్రశ్నించారు గానీ, కాళ్ళూ చేతులూ ఆడితేనే స్థలం తెలుస్తుందన్న మాట నాకు నిజమనిపిస్తుంది. మా అమ్మాయి బొమ్మలో తప్పేమీ లేదు. ఆ బడిలో తన కాళ్ళు కాస్త ఆడేది ఆ మెట్ల మీదే.

ఇదంతా డబ్బున్న బడుల ముచ్చట అనుకోనక్కర్లేదు. మనలో చాలామంది ఇష్టంగా చదువుకున్న 'రైలుబడి'లో తరగతి గదులు పాత రైలుపెట్టెలే. 1945 బాంబుదాడుల్లో ఆ బడి కాలిపోయింది. అక్కడ చదివిన టెట్సుకో కురొయనాగి 1981లో పుస్తకం వేసేనాటికి కూడా, పాఠం వింటూ ప్రయాణం చేస్తున్నట్టుండే ఆ సంబరం ఆమెలో చెక్కుచెదరలేదు. మన దేశంలో వాస్తుశిల్పి కబీర్ వాజ్‌పేయి బృందం యూనిసెఫ్ సాయంతో 'బాలా' పేరిట, ఉన్న బడినే బోధనోపకరణంగా మలిచే ఉపాయాలు రూపొందించింది. వాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది: తలుపు తిరిగేచోట నేలమీద కోణమానిని గీయడం. ఖర్చు కాస్త రంగు.

ఆ సాయంత్రం మా పడకగది తలుపు కింద సుద్దముక్కతో గీశాను. అమ్మాయి తలుపును అటూ ఇటూ జరిపి, "నాన్నా, 45 దగ్గర ఆపితే నువ్వు సగమే కనిపిస్తున్నావు" అంది.

వాళ్ళ బడి మేడకు ఎప్పుడూ తాళమే. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో, పిట్టగోడ ఎత్తు పెంచి, రోజుకొక గంట దాన్ని తెరవమని అడగబోతున్నాను. ఒప్పుకుంటారో లేదో. ఈసారి మార్కుల సంగతి మాత్రం ఎత్తను.

మీ పిల్లల చేత కూడా ఒకసారి బడి బొమ్మ గీయించి చూడండి.