మెంఫిస్ బెల్: ఒక బాంబరు విమానము చరిత్రము

అంకగణితమున 25 చిన్న సంఖ్య. మూడవ తరగతి బాలుడును దానిని వ్రేళ్లపై లెక్కింపగలడు. కాని రెండవ ప్రపంచయుద్ధమున ఇంగ్లండునుండి శత్రుదేశముపై కెగిరిన అమెరికను వైమానికులకు ఆ సంఖ్యయే ఆయుఃప్రమాణమై యుండెను. 25 దాడులు ముగించినవానికి స్వదేశగమనము లభించును. ఆలోపుగనే అనేకులకు మృత్యువో, శత్రువుల చెఱయో ప్రాప్తించుచుండెను. ఆ సంఖ్యను చేరి ఖ్యాతికెక్కిన విమానము "మెంఫిస్ బెల్". దాని కథను నా విద్యార్థులకు తఱచుగ చెప్పుచుందును. అందు సాహసముతోపాటు మఱియొక పాఠమును కలదని నా నమ్మకము.

బోయింగు సంస్థవారి బి-17 జాతికి చెందిన ఈ విమానము 1942వ సంవత్సరమున అమెరికాలో నిర్మింపబడెను. నాలుగు ఇంజనులును, పదికి మించిన మరతుపాకులును గల ఆ జాతి విమానములను "ఎగురుకోట"లని పిలుచుచుండిరి. కాని కోటకుండు రాతిగోడ దీనికి లేదు. పలుచని అల్యూమినియపు రేకే గోడ. ఇరువదియైదువేల అడుగుల యెత్తున చలి సున్నకు 40 డిగ్రీలు దిగువకు పోవుచుండును. ప్రాణవాయువును గొట్టముద్వారా పీల్చుకొనక తప్పదు. విమానము కడుపుక్రింద అమర్చిన గోళాకారపు బురుజులో ఒకడు మోకాళ్లు ముడుచుకొని తుపాకి పట్టి గంటలకొలది యుండవలసినదే.

చోదకుడైన రాబర్ట్ మోర్గన్, తాను వివాహమాడదలచిన మెంఫిస్ నగరపు కన్య మార్గరెట్ పోక్‌ను తలచి విమానమున కాపేరు పెట్టెను. "మెంఫిస్ సుందరి" యని దాని యర్థము. చోదకుడు, సహచోదకుడు, మార్గనిర్దేశకుడు, బాంబులు విడుచువాడు, రేడియో చూచువాడు, తుపాకులవారు, అందఱు కలిసి పదుగురు. వారిలో ఏ ఒక్కడు తన పని మఱచినను తక్కిన తొమ్మండుగురకును ముప్పే.

1942వ సంవత్సరము నవంబరు 7వ తేదీన ఫ్రాన్సు తీరమునగల బ్రెస్ట్ రేవుపై వీరి మొదటి దాడి జరిగెను. అటుపిమ్మట సెయింట్ నజైర్, లోరియాన్, విల్‌హెల్మ్స్‌హాఫెన్, బ్రెమెన్ మొదలగు స్థలములపైకి పోయిరి. అమెరికనులు పట్టపగలే దాడిచేయుచుండిరి. రక్షణగా పోవు చిన్నవిమానములు అంతదూరము వెంట రాజాలకపోయెను. కనుక శత్రువిమానములును, నేలనుండి పేల్చు ఫిరంగులును వారిని మిక్కిలి బాధించెను. ఆ యుద్ధమున ఇంగ్లండునుండి పోరాడిన ఎనిమిదవ వైమానికదళమున 26 వేలకు మించి జనులు మృతినొందిరి.

ఇక విమానమునకు తగిలిన గాయములను రాత్రింబవళ్లు మాన్పినవారు నేలపై నుండిరి. జో జియాంబ్రోనీ నాయకత్వమున పనిచేసిన ఆ మరమ్మతుదారులు ఇంజనులను పలుమార్లు మార్చిరి. వారు ఎగురలేదు. ఐనను వారి చేతులు లేక ఆ విమానము ఎగురలేదు.

1943వ సంవత్సరము మే 17వ తేదీన లోరియాన్‌పై దాడితో మోర్గన్ బృందమువారికి 25 దాడులు పూర్తియయ్యెను. విమానమునకు మాత్రము మఱి రెండు దినముల పిమ్మట, వేఱొక బృందముతో కీల్ నగరమునకు పోయినప్పుడు, ఆ లెక్క నిండెను. "హెల్స్ ఏంజెల్స్" అను మఱియొక బి-17 కొలదిదినములు ముందే ఆ సంఖ్యను చేరియుండెను. కాని ఆ జూను నెలలో స్వదేశమునకు పంపబడి, నగరనగరమున ప్రదర్శింపబడి, యుద్ధఋణపత్రముల విక్రయమునకు తోడ్పడినది మెంఫిస్ బెల్. విలియం వైలర్ తీసిన చలనచిత్రము 1944వ సంవత్సరమున వెలువడి దాని పేరును ఇంటింట చేర్చెను. ఆ చిత్రమునకై పనిచేసిన హారోల్డ్ టానెన్‌బామ్ వేఱొక విమానమున పోయి తిరిగి రాలేదు.

లోరియాన్‌ను గూర్చి ఒకమాట చెప్పక విడువరాదు. అచటి జర్మనుల జలాంతర్గాముల నివాసములు దళసరి కాంక్రీటుతో కట్టబడినవి. మిత్రరాజ్యముల బాంబులకు, ముఖ్యముగా 1943వ సంవత్సరారంభమున బ్రిటిషువారి రాత్రిదాడులకు, ఊరు నేలమట్టమయ్యెను. ఆ కాంక్రీటు నివాసములు నేటికిని నిలిచియున్నవి. యుద్ధమును గూర్చి పాఠము చెప్పునపుడు విమానముపైనుండి చూచినది చెప్పి, నేలనుండి చూచినవారి మాట దాచుట నాకు న్యాయముగ తోచదు.

మోర్గన్‌కును మార్గరెట్‌కును వివాహము కాలేదు. అతడు పసిఫిక్ రంగమునకు పోయి, 1944వ సంవత్సరము నవంబరు 24వ తేదీన టోకియోపై బి-29 విమానముల తొలి దాడిలో ముందు నడచెను. యుద్ధానంతరము మెంఫిస్ నగరమువారు 1946లో ఆ విమానమును 350 డాలర్లకు కొనిరి. పెక్కేండ్లు అది ఎండవానలలో నిలిచి శిథిలమయ్యెను. దాని భాగములను పలువురు దొంగిలించిరి. 2005లో డేటన్ నగరపు వైమానికదళ ప్రదర్శనశాలకు చేరి, చిరకాలపు మరమ్మతు పిమ్మట, 2018వ సంవత్సరము మే 17వ తేదీన, బృందము తుదిదాడి జరిగిన 75 ఏండ్లకు, ప్రజల కన్నులయెదుట నిలిచెను.

నా తరగతిలో విమానచోదకులు కాగోరు బాలబాలికలు కలరు. వారి యుత్సాహమును నేను అణచదలచను. ధైర్యము, క్రమశిక్షణ, తోటివానియందు విశ్వాసము ఆ పదుగురయొద్ద నేర్వదగినవే. కాని ప్రియవిద్యార్థులారా, విజయుల లెక్క మీకు కనబడినపుడు, ఆ లెక్కలో చేరనివారు ఎందఱో యని కూడ అడుగుడు. ఇరువదియైదవ దాడివఱకు బ్రదుకనివారును, మరమ్మతుచేసిన చేతులును, క్రింద ఇండ్లు కోల్పోయిన లోరియాన్ ప్రజలును ఆ విమానపు చరిత్రములోనివారే.