ఎనిమిది బద్దల పాత్ర

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదామా? పెన్సిలూ కాగితం అక్కర్లేదు, నోటిలెక్క చాలు. గుండ్రంగా ఒక చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వస్తే 360 డిగ్రీలు. ఆ చుట్టును ఎనిమిది మలుపుల్లో తిరిగితే ఒక్కో మలుపు 45. మలుపు దగ్గర కలిసేవి రెండు చెక్కలు కాబట్టి ఒక్కో చెక్క అంచును అందులో సగం, అంటే 22.5 డిగ్రీలు వాలుగా కోయాలి. ఎనిమిది చెక్కలు, పదహారు అంచులు. ఒక్కో అంచుకు పావు డిగ్రీ తేడా వచ్చిందనుకోండి. పావు డిగ్రీ కంటికి ఆనదు. కానీ పదహారు పావులు కలిస్తే నాలుగు డిగ్రీలు. ఏడు అతుకులు ముచ్చటగా కూర్చున్నాక ఎనిమిదోది తెరుచుకుని ఉంటుంది. ఎంత బిగించినా మూసుకోదు.

పలకలు పలకలుగా చెక్కపాత్ర చేయడంలో ఉన్న చిక్కంతా ఇదే. దీన్ని తీర్చడానికి వచ్చిన ఒక పనిముట్టు గురించి, దానితో మన హైదరాబాద్‌లో మనం ఏం చేసుకోవచ్చన్న దాని గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

లక్డీకాపూల్ నుంచి ఖైరతాబాద్, పంజగుట్ట మీదుగా అమీర్‌పేట దాకా ఏ సందులోకి తిరిగినా ఏదో ఒక ఫ్లాటులో వుడ్‌వర్క్ నడుస్తూనే ఉంటుంది. కింద లిఫ్టు పక్కన గోనెసంచుల్లో కోసి పారేసిన ముక్కలుంటాయి. ఆ సంచిలో చెయ్యి పెట్టి చూడండి. ప్లైవుడ్ ముక్కల మధ్య రెండంగుళాల వెడల్పు, మూడంగుళాల వెడల్పు టేకు బద్దలు తగులుతాయి. గుమ్మానికో, కిటికీ చట్రానికో తెచ్చిన బల్లార్షా టేకులో మిగిలిన అంచులవి. చేవ ఉన్న కర్రే. ఘనపుటడుగు లెక్కన డబ్బు పోసి కొన్న కర్రే. తలుపుకు పనికిరాదు, బల్లకు పనికిరాదు, కాబట్టి పొయ్యిలోకో చెత్తబండిలోకో పోతుంది. నాకు ఇది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. వెడల్పు లేదు కదా అని పారేస్తున్న ఆ బద్దలే పలకల పాత్రకు అసలు సరుకు.

మన తెలుగునాట చెక్కతో బోలు వస్తువు చెయ్యాలంటే ముందు తోచే దారి తొలవడం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశాలవాళ్ళు వీణ చేస్తే కుండా, దండీ, తలా ఒకే పనస మొద్దులోంచి తీస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పి, లోపల తొలిచి, కుంకుమ భరిణె చేస్తారు. ఆ ఊరి లక్కపనికి సహజ రంగులు మళ్ళీ పట్టించిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది కూడా. మొద్దులోంచి తీసిన వస్తువుకు ఉండే అందం వేరు, ఎవరూ కాదనరు. కానీ అందుకు మొద్దు కావాలి. అడుగు వెడల్పు గిన్నె తొలవాలంటే అంతకన్నా లావు దుంగ ఉండాలి, అందులో ఎక్కువ భాగం పొట్టయి రాలిపోతుంది. ఇప్పుడు ఆ దుంగలేవి?

రెండో దారి కూడా మనకు తెలియంది కాదు. ఎడ్లబండి చక్రం గుర్తు తెచ్చుకోండి. అది ఒకే చెక్క కాదు. నడుమ దిమ్మ, దాంట్లోంచి ఆకులు, ఆకుల చివర్లను కలుపుతూ వంపు తిరిగిన పూటీలు. మామూలుగా ఆరు పూటీలు, పన్నెండు ఆకులు. ఒక్కో పూటీ వృత్తంలో ఆరోవంతు, అంటే అరవై డిగ్రీలు. ఆరూ కలిసిన చోట సందు మిగిలితే ఆ చక్రం దారిలోనే విడిపోతుంది. పల్లె వడ్రంగి ఆ కోణాన్ని తీగతోనూ గుర్తుకర్రతోనూ తెచ్చేవాడు. పైన ఇనప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి తొడిగి, గబగబా నీళ్ళు పోసేవారు. ఇనుము చల్లారి ముడుచుకుంటే ఆరు పూటీలూ ఒక్కటై బిగిసేవి. ఐరోపాలో సారాయి పీపాలకు వేసే ఇనపకట్లు చేసేదీ ఆ పనే. అతికి కట్టే విద్య మనదీ, వాళ్ళదీ, పడవలు చేసేవాళ్ళదీ.

పడవల మాట ఎందుకు తెచ్చానంటే, నేను చెప్పబోయే అతుకు బాగా పేరుపడింది తెరచాప కొయ్యల పనిలో. గట్టిగానూ ఉండాలి, బరువూ ఉండకూడదు. అందుకని ఎనిమిది సన్న బద్దలను చుట్టూ అతికి బోలు కొయ్య చేశారు. అంచులను 22.5 డిగ్రీల వాలుగా కోసి జిగురు రాస్తే బద్దలు జారిపోతున్నాయి. జిగురు తడిలో వాలు మీద వాలు నిలవదు మరి. అప్పుడు ఉపాయం మార్చారు. ఒక అంచును మాత్రమే కోసి, రెండో అంచును మూలమట్టానికి సరిగ్గా తొంభై డిగ్రీలకు అలాగే వదిలేశారు. కోసిన అంచులో తెరిచిన పిట్టనోరులాంటి గాడి ఉంటుంది. పక్క బద్ద చదును మూల వచ్చి ఆ గాడిలో కూర్చుంటుంది. ఇక జారే ప్రసక్తి లేదు. బర్డ్స్‌మౌత్ అతుకు అంటే ఇదే.

పాత్రలు చేసేవాళ్ళ కోసం ఆ గాడిని ఒక్క తోపులో కోసే రౌటర్ బిట్లు వచ్చాయి. వైఫై ఇచ్చే రౌటర్ కాదు, వడ్రంగి రౌటర్. నిమిషానికి పది వేల నుంచి పాతిక వేల చుట్లు తిరిగే మోటారు, దాని కొసన బిగించిన ఉక్కు బిట్టు. మామూలు వి-గాడి బిట్టుతోనూ ఈ కోత వస్తుంది, కానీ బద్దను అంచు మీద నిలబెట్టి తోయాలి, అది అటూ ఇటూ ఊగుతుంది. బర్డ్స్‌మౌత్ బిట్టులో గాడి పళ్ళు పక్కకు తిరిగి ఉంటాయి. రౌటర్ బిగించిన టేబుల్ మీద బద్ద వెల్లకిలా పడుకుంటుంది, కంచెకు (ఫెన్స్‌కు) ఆనించి నింపాదిగా తోసుకుపోవచ్చు. కోణం మన చేతిలో లేదు, ఉక్కులో ఉంది. మొదటి బద్దకు ఏ కోణమో ఎనిమిదో బద్దకూ అదే. పైన చెప్పిన పదహారు పావుల లెక్క ఇక్కడ చెల్లిపోతుంది.

ఇందులో నాకు ఎంతో నచ్చిన సంగతి ఒకటుంది. గాడి గోడలు రెండూ ఒకదానికొకటి ఎప్పుడూ తొంభై డిగ్రీలే, ఎందుకంటే అందులో కూర్చునేది చదును మూల. మారేది గాడి ఎటు వాలి ఉందన్నదే. ఎనిమిది పలకలకు గోడలు చెరో 45. పన్నెండు పలకలకు ఒకటి 30, రెండోది 60. మరి ఆరు పలకలకు? ఒకటి 60, రెండోది 30! అంటే పన్నెండు పలకల బిట్టే ఆరు పలకలకూ పనికొస్తుంది. బద్దను బోర్లా తిప్పి తోస్తే చాలు. ఒకే బిట్టుతో ఆరు పలకల పెన్నుల డబ్బా, పన్నెండు పలకల బియ్యం తొట్టి. కాగితం మీద గీసి చూసుకోండి, ముచ్చటేస్తుంది.

ఇక చేసే పద్ధతి. బద్దలన్నీ ఒకే మందం ఉండాలి, ఇది ప్రాణం. ముప్పావు అంగుళం అనుకుంటే అన్నీ చిత్రిక పట్టి అంతకే తేవాలి. మందంలో తేడా ఉంటే గాడిలో మూల సరిగా కూర్చోదు. వెడల్పుకో తేలిక లెక్క: ఎనిమిది పలకల పాత్ర ఈ పలక నుంచి ఎదురు పలకకు పన్నెండు అంగుళాలు కావాలంటే పలక వెడల్పు అయిదు. 12కి 5, 24కి 10. అసలు లెక్క 2.414, మనం 2.4 అంటున్నాం, చెక్కపనిలో ఆ తేడా చిత్రికలో పోతుంది.

రౌటర్ దగ్గర మాత్రం తొందరపడకండి. ఫ్లాట్లలో మేస్త్రీల చేతిలో కనిపించే చిన్న ట్రిమ్మర్‌కు సన్నకాడ బిట్లే పడతాయి, ఈ బరువు బిట్టును దానికి తగిలించకూడదు. అరంగుళం కాడ పట్టే పెద్ద మెషీను టేబుల్ కింద బిగించి ఉండాలి. బిట్టు పెద్దదైనకొద్దీ వేగం తగ్గించాలి. చెక్కను బిట్టు తిరిగే దిక్కుకు ఎదురుగా, టేబుల్ మీదైతే కుడి నుంచి ఎడమకు, తోపుడు కర్రతో తొయ్యాలి. నారకు ఎదురుపడితే పెచ్చులు లేస్తాయి, అందుకని గాడిలో చాలాభాగం ముందే రంపంతో తీసేసి, చివరి పలచటి పొరను బిట్టుకు వదిలితే అంచు నునుపుగా వస్తుంది.

అతకడం చూడ్డానికి భలే ఉంటుంది. ఎనిమిది బద్దలనూ బయటి ముఖం పైకి పెట్టి పక్కపక్కన పేర్చి, పైన ప్యాకింగ్ టేపు అంటించి, మొత్తాన్ని తిరగేస్తారు. ఇప్పుడు లోపలి ముఖాలు పైకి కనబడతాయి. గాడుల్లో ఫెవికాల్ రాసి చాప చుట్టినట్టు చుట్టేస్తే పాత్ర నిలబడిపోతుంది! పైన పాత సైకిల్ ట్యూబును పొడుగ్గా చీల్చి లాగి లాగి చుడితే అన్ని వైపులా ఒకే బిగువు. తడి తగిలే వస్తువైతే ఫెవికాల్ మెరైన్ వాడాలి. జిగురు ఆరాక, మామూలు వి-గాడి పెట్టుంటే ప్రతి మూల దగ్గరా ఒక అంచు బయటికి పొడుచుకొస్తుంది. దాన్ని చిత్రికతో దించెయ్యాలి. ఇంకా గుండ్రం కావాలా? ఎనిమిది మూలలూ చదును చేస్తే పదహారు పలకలు, మళ్ళీ చేస్తే ముప్పై రెండు, ఆపైన తరిమెన. గుంజను గుండ్రం చెయ్యడానికి వడ్రంగులు నడిచే దారి అదే: నాలుగు పలకలు, ఎనిమిది, పదహారు. శివలింగంలోనూ ఆ వరసే: కింద బ్రహ్మభాగం చతురస్రం, నడుమ విష్ణుభాగం ఎనిమిది పలకలు, పైన రుద్రభాగం గుండ్రం. ఎనిమిది పలకల అందం ఎంతటిదో చూడాలంటే మనకు దగ్గర్లోనే కుతుబ్‌షాహీ సమాధుల్లో జంషీద్ కులీది ఉంది. 1550 నాటి ఆ రెండంతస్తుల కట్టడానికి ఎటు నుంచి వెళ్ళినా ఒక పలక ఎదురొస్తుంది.

అడుగు విషయం మరిచేను. అడుగు పలకను గోడలకు జిగురుతో అతికించవద్దు. లోపలి ముఖాల మీద చుట్టూ గాడి తీసి, పలకను అందులో వదులుగా కూర్చోబెట్టాలి. హైదరాబాద్ మే నెల ఎండకు ఎండిన కర్ర ఆగస్టు ముసురుకు ఉబ్బుతుంది. పదంగుళాల పలక ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగినా గోడలను పగలగొట్టగలదు. పైకి విచ్చుకునే బాల్చీ ఆకారం కావాలంటే లెక్క కొంచెం మారుతుంది. గోడలు పది డిగ్రీలు బయటికి వాలితే 22.5 కాస్తా 22.1 దగ్గరికి దిగుతుంది. మొదట నిటారు గోడలతోనే చెయ్యండి.

ఇంతకీ ఏం చేసుకుంటాం? నా మాట వింటే బాల్కనీకి తులసి తొట్టి. అమీర్‌పేట ఫ్లాటులో సిమెంటు కోట కట్టలేం, బరువు. నాలుగంగుళాల పలకలు ఎనిమిదైతే తొమ్మిదిన్నర అంగుళాల పైచిలుకు వెడల్పు వస్తుంది. లోపల ప్లాస్టిక్ కుండీ దించి, తొట్టి అడుగున నీళ్ళు పోయే బెజ్జాలు పెడితే కర్రకు తడి అంతగా అంటదు, ఏళ్ళ తరబడి మన్నుతుంది.

మెషీను లేదే అంటారా? బిట్లూ మెషీన్లూ వెతుక్కోవడానికి రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాలున్నాయి. కొనే ముందు చూసి నేర్చుకోవాలంటే లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగితే టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చిలో తెరిచిన ఆ 78 వేల చదరపు అడుగుల కార్ఖానాలో చెక్కపనికీ చోటిచ్చారు. 1938లో మొదలైన మన నాంపల్లి నుమాయిష్‌కు ఈసారి వెళ్ళినప్పుడు చెక్క సామాను దుకాణం కనబడితే ఓ పెట్టెనో గిన్నెనో తిరగేసి అతుకులు చూడండి. చేసినవాడి చెయ్యి అక్కడ తెలుస్తుంది.

నా కోరిక ఒకటి చెబుతాను. అమీర్‌పేటలో ఎన్నెన్ని కోర్సుల బోర్డులు! వాటి మధ్య సాయంత్రం పూట చెక్కపని నేర్పే బోర్డులు కూడా నాలుగు వెలగాలి. ఎలాగూ ఇంటీరియర్ పనిచేసే మేస్త్రీలు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్ళకు చెయ్యి ఉంది, మనకు కుతూహలం ఉంది, ముక్కలు సంచుల్లో ఉన్నాయి. అంతదాకా మీరు చెయ్యగలిగింది ఒకటే. మీ ఇంట్లో వుడ్‌వర్క్ అవుతుంటే అడుగు పొడుగు దాటిన టేకు బద్దను ఒక్కటి కూడా బయటికి పోనివ్వకండి. తొలి పాత్రకు మాత్రం ప్యాకింగ్ పెట్టెల పైన్ వాడండి, టేకు రెండోదానికి దాచండి.