చెరుకుపల్లి నుండి గుంటూరు వఱకు

మా చెరుకుపల్లికి రైలు లేదు. తూర్పున రేపల్లెకుగాని, పడమట నిడుబ్రోలుకుగాని పోయిననే రైలు కనబడును. నలుదిక్కుల వరిమాగాణములు, కృష్ణ కాలువలు, గట్లపై తాడిచెట్లు. చూచువారికి కన్నుల పండుగయే. గాంధీమహాత్ముని యుగమున వెలసిన వినయాశ్రమము గల కావూరు కూడ మాకు చేరువనే యున్నది. కాని కల్లుముంతల కాలము పోయి సీసాల కాలము వచ్చినది. వానివెంట కుఱ్ఱవాండ్రకు గంజాయియు వచ్చినది.

మా పొరుగింటి యిల్లాలు నాకంటె నాలుగేండ్లు చిన్నది. ఆమె భర్త కష్టజీవి, ఎవరిని పల్లెత్తుమాట యనడు; ప్రొద్దుక్రుంకినచో మఱియొక మనుష్యుడు. గడచిన పుష్యమాసమున బంధువులు కూడబలుకుకొని, ఆతనిని గదిలో నుంచి గొళ్లెము వైచిరి. మూడుదినములు చుక్క ముట్టనీయకున్న బుద్ధి వచ్చునని వారి తలంపు. మొదటినాడు చేతులు వణకినవి. మూడవనాటి రాత్రి గోడపై లేని జెఱ్ఱులను చూపుచు కేకలు వైచి, కన్నబిడ్డల నానవాలు పట్టలేకపోయెను. గాలి సోకినదని యొకరు, మంత్రగానిని పిలువుడని యొకరు! మావారు మాఱుమాటాడక 108 బండిని పిలిపించిరి. ఆ రాత్రియే గుంటూరు పెద్దాసుపత్రికి చేర్చిరి.

పదవనాడు ఆతనిని ఇంటికి తెచ్చుకొనవచ్చునని కబురందగా, ఆమెకు తోడుగా నేనును బస్సెక్కితిని. పొన్నూరిలో నిలువెత్తులకు మించిన ఆంజనేయ గరుత్మంతుల విగ్రహములకు ఆమె కిటికీనుండియే చేతులు జోడించెను. చేబ్రోలున కోనేటినడుమ చతుర్ముఖ బ్రహ్మ కోవెల కలదు. దానిని తీరికగా చూడవలెనని నాకెన్నాళ్లనుండియో కోరిక. నాడు దిగు మనసు లేకపోయెను. అచ్చటనే ఆమె కొంగుముడి విప్పి యొక పొట్లము చూపినది.

“అక్కయ్యా, ఆయనకు తెలియకుండా కూరలో కలిపితే తాగుడు మానేస్తారట. రెండువేలు పోసి కొన్నాను. కలపనా?”

వైద్యుని నడుగకుండ వలదంటిని. అడిగితిమి. ఆయన పొట్లమును తిరిగి యీయలేదు. అందేమున్నదో యెవరికిని తెలియదు. మద్యము మాన్పుటకు డైసల్ఫిరామ్ అను మందున్న మాట నిజమే; కాని దానిని మ్రింగినవాడు త్రాగెనేని ముఖము కందగడ్డయగును, గుండె దడదడలాడును, రక్తపుపోటు పడిపోవును, ప్రాణమే పోవచ్చును. తెలిసి, సమ్మతించి, వైద్యుని కనుసన్నల పుచ్చుకొనవలసిన దానిని దొంగచాటుగా పెట్టుట యెంత సాహసము! అమ్మలారా, ఇట్టి పొట్లము మీ యింట నున్నచో నేడే పాఱవేయుడు.

గొళ్లెము సంగతియు ఆయనయే విప్పి చెప్పెను. ఏండ్లతరబడి మద్యమున కలవడిన మెదడు, అది హఠాత్తుగా నిలిచినపుడు రేగిపోవును. కొన్నిగంటలలోనే వణకును చెమటయు, రెండుదినములలోపల మూర్ఛలు, రెండు మూడు దినములకు మతిభ్రమ. అందఱకును ఇంత రాదు, వచ్చినవానికి ప్రాణగండము. అందుచే ఆ రేగుటను అణచు మందులను మొదట నిండుగా నిచ్చి దినదినము తగ్గించుచు, థయమిన్ అను బి-1 విటమిన్‌ను సూదిద్వారా నెక్కింతురు. వారము పదిదినములకు దేహము తేరుకొనును. అసలు పని అటుపిమ్మటనే: కోరికను అణచు మందులు, మనసు విప్పి మాటలాడించు సలహాదారులు, త్రాగుడు మానినవారు తమలో తాము కూడు ఆల్కహాలిక్స్ అనానిమస్ సభలు. అది 1935లో అమెరికాలో పుట్టినది. ఇంటివారి కొఱకు అల్-అనాన్ అను వేఱు సంఘము 1951లో నేర్పడినది.

మా ప్రక్క బల్లపై ఒక తల్లి గంజాయి మరగిన కుమారుని వెంటబెట్టుకొని, ముసుగు కప్పుకొని కూర్చుండెను. పోలీసులు పట్టుకొందురని ఆమె భయము. 1985 నాటి మత్తుమందుల చట్టమున 64-ఎ అను సెక్షను కలదనియు, అమ్మకము చేయక తన వాడుకకో, కొద్ది పరిమాణమునకో చిక్కినవాడు తానై ప్రభుత్వము గుర్తించిన చోట చికిత్సకు వచ్చి దానిని పూర్తిచేసినచో శిక్షకు లోబడడనియు మావారివలన విని యుంటిని గనుక, ఆ తల్లికి చెప్పితిని. ఆమె ముసుగు కొంచెము తొలగినది.

2019లో ప్రకటితమైన కేంద్రప్రభుత్వపు సర్వే ప్రకారము, మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కనికే ఏదో యొక సహాయము అందినది. సిగ్గే తక్కినవారిని ఆపుచున్నదని నా నమ్మకము. గడప దాటలేనివారు ఫోనుననైన అడుగవచ్చును: మత్తు విడుపునకు 14446, మనోవ్యథకు టెలిమానస్ వారి 14416. ప్రైవేటు కేంద్రమునకు పంపదలచినచో రిజిస్ట్రేషను కలదా, వైద్యుడు వచ్చునా, ఇంటివారిని చూడనిత్తురా యని ముందడుగుడు. గొలుసులతో కట్టుటను 2017 నాటి మానసికారోగ్యచట్టము నిషేధించినది.

ఈ పనికి ఆడవారే పూనుకొనిరని తలచినపుడు నాకు ధైర్యము కలుగును. భర్తను మద్యమునకు కోల్పోయిన శాంతి రంగనాథన్‌గారు 1980లో మదరాసున చికిత్సాలయము స్థాపించిరి. నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాపై తిరుగబడగా, 1995లో రాష్ట్రమున మద్యనిషేధము వచ్చినది. 1997లో సడలిపోయినది, అది వేఱు కథ.

మాపటివేళ ముగ్గురము తిరుగుబస్సెక్కితిమి. ఆతడు చిక్కియున్నాడు గాని చేతుల వణకు లేదు. పదునైదవనాడు మరల చూపింపవలెనట. పొన్నూరున బస్సాగినపుడు ఎదుట సీసాల దుకాణముకడ దీపములు వెలుగుచుండెను. ఆతని చూపు అటు పోయినది. ఆమె ఏమియు ననక లేచి, ఆతనిని లోపలికి జరిపి, తాను కిటికీప్రక్కన కూర్చుండెను.