కూతురి స్మాష్, తల్లి షట్టర్

బాడ్మింటన్ హాళ్ళు కట్టేవాళ్ళకి ఫొటోగ్రాఫర్లంటే ఏదో పాత పగ ఉండి ఉండాలి. తెల్లటి షటిల్ స్పష్టంగా కనబడాలని గోడలకు ముదురు ఆకుపచ్చో, ముదురు నీలమో వేస్తారు. ఎండ పడకుండా కిటికీలు మూసేస్తారు. తలెత్తి చూసే ఆటగాడి కళ్ళలో లైటు కొట్టకూడదని కోర్టు నడినెత్తిన దీపాలు పెట్టరు. కోర్టుకీ కోర్టుకీ మధ్య, పక్కల నుంచి వెలుగొచ్చేలా అమరుస్తారు. ఆడేవాళ్ళకు ఇదంతా న్యాయమే. తీసేవాళ్ళకు మాత్రం మిగిలేది మొహంలో సగం వెలుగు, సగం నీడ, వెనకాలంతా చీకటి. ఇక ఫ్లాష్ ఊసే ఎత్తకూడదు. షటిల్ కోసం ఎగిరిన పిల్ల కళ్ళలో ఫ్లాష్ కొట్టినవాళ్ళని హాల్లోంచి పంపించేసినా తప్పు లేదు.

మేముండేది మిల్టన్ కీన్స్‌లో. ఇంగ్లండ్ వాళ్ళ నేషనల్ బాడ్మింటన్ సెంటర్ ఈ ఊళ్ళోనే ఉంది. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచిన బర్మింగ్‌హామ్ ఇక్కణ్ణుంచి కారులో గంటన్నర. శనివారం పొద్దున్నే తెలుగు నాన్నలు పిల్లల్ని నిద్రలేపి కిట్ బ్యాగులు డిక్కీలో వెయ్యడానికి ఈ రెండూ చాలు. మా ఇంట్లో డ్రైవింగు మా ఆయనది, ఫొటోలు నావి. అమ్మాయి అండర్-13లో ఆడుతుంది. నా దగ్గరున్నది 2015లో వచ్చిన నికాన్ డీ7200, దాంతోపాటు వచ్చిన 18-140 జూమ్, తర్వాత కొనుక్కున్న 50 ఎంఎం. ఉగాది సంబరాలకీ, పుట్టినరోజులకీ, లేక్ డిస్ట్రిక్ట్ కొండలకీ ఆ కెమెరా ఏనాడూ పేచీ పెట్టలేదు. ఈ హాళ్ళలోకి అడుగుపెట్టాకే బ్రాండు మార్చాలన్న పురుగు తొలవడం మొదలుపెట్టింది.

ఇక్కడ పిల్లల ఆటలో కెమెరా బయటికి తియ్యాలంటే ముందు నిర్వాహకులకు చెప్పాలి, ఫారం నింపాలి. ఏ తల్లిదండ్రులైనా వద్దంటే వాళ్ళ పిల్లని ఫ్రేములోకి రానివ్వకూడదు. మన ఊళ్ళో కెమెరా మెళ్ళో వేసుకుని స్కూలు గ్రౌండులోకి వెళ్తే "ఆంటీ నన్ను తియ్యండి, ఆంటీ నన్ను" అంటూ అందరూ మీద పడతారు. ఇక్కడి పద్ధతి మొదట్లో చాదస్తం అనిపించేది. ఇప్పుడు ఇదే నయమనిపిస్తోంది.

హాల్లో వెలుగు లెక్క ఒకసారి తేల్చుకుంటే మిగతా వాదనలు సగానికి సగం సర్దుకుంటాయి. స్మాష్ కొట్టే చెయ్యి చెయ్యిలా కనబడాలంటే షట్టర్ సెకనులో వెయ్యో వంతు దగ్గర ఉండాలి. మామూలు క్లబ్బు హాల్లో ఎఫ్/2.8 లెన్సుని పూర్తిగా తెరిచినా ఐఎస్ఓ 6400 దాకా పోవాల్సి వస్తుంది. నా జూమ్‌ని బారుగా లాగితే అపర్చర్ ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. లోపలికొచ్చే వెలుగు నాలుగో వంతు అన్నమాట. అప్పుడు ఐఎస్ఓ 25600. చిన్న సెన్సర్ మీద ఆ అంకె పెడితే జుట్టుకీ వెనక గోడకీ తేడా తెలియదు, మొహం మీద గుప్పెడు ఇసుక చల్లినట్టుంటుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం నా కెమెరా సెన్సర్‌కి రెండుంబావు రెట్లు. దానికి మారితే ఒక స్టాపు, పైన కొంచెం చిల్లర లాభం. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/2.8కి మారితే ఏకంగా రెండు స్టాపులు. ఈ మూడు స్టాపుల లెక్కలో ఎక్కడా కంపెనీ పేరు రాలేదు చూడండి.

షటిల్‌ని గాల్లో ఆపాలన్న ఆశ మాత్రం వదులుకోవాలి. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో జపాన్‌లో కొట్టిన స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు. గిన్నిస్ వాళ్ళు రికార్డు రాసుకున్నారు. ఆ వేగంలో షటిల్ సెకనులో వెయ్యో వంతులోనే పదిహేను సెంటీమీటర్లు దాటిపోతుంది, ఇంచుమించు దాని పొడవుకి రెట్టింపు. ఎంత ఖరీదైన బాడీ అయినా ఆ షట్టర్ దగ్గర పడేది తెల్లటి చారే. మా పిల్లల షటిల్‌కి అంత దూకుడు లేదుగానీ, చార పడితే పడనీ. ఫొటోలో అందరూ వెతుక్కునేది మొహాన్ని. పైకి ఎగిరి, ఇంకా కిందికి దిగడం మొదలుపెట్టని ఆ కాస్త వ్యవధిని పట్టుకుంటే 1/640 కూడా సరిపోతుంది. అమ్మాయి ఎప్పుడు ఎగరబోతోందో దాని భుజం చూసి నాకు తెలిసిపోతుంది. అంతవరకు తల్లిని కావడం కలిసొచ్చింది.

మా అక్క కొడుకు భీమవరంలో పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్. కెమెరా మారుద్దామనుకుంటున్నానని వాట్సాప్‌లో కొన్ని ఫొటోలు పంపితే వెంటనే ఫోన్ చేశాడు.

"పిన్నీ, గ్రెయిన్ సంగతి వదిలెయ్. రాలో తియ్, లైట్‌రూమ్‌లో డీనాయిస్ కొట్టు, పోతుంది. ఫోకస్ ఎక్కడ పడిందో చూశావా అసలు?"

చూశాను. పారెయ్యాలనుకున్న ఫొటోలన్నీ పెద్దవి చేసి మరీ చూశాను. వాడన్నది నిజమే. అడోబ్ వాళ్ళు 2023లో లైట్‌రూమ్‌లో ఏఐ డీనాయిస్ పెట్టాక గ్రెయిన్‌కి మునుపటంత భయపడనక్కర్లేదు. నా ఫొటోల్లో ఎక్కువ భాగం చెడింది గ్రెయిన్‌తో కాదు. కోర్టు వెనక నుంచి తీసినప్పుడు ఫోకస్ నెట్టు మీద పడింది, లేకపోతే అవతల గోడవార ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్న మా ఆయన మీద పడింది. ఆయన మాత్రం ప్రతి ఫొటోలోనూ షార్పుగా ఉన్నారు.

ఇక్కడే నా ప్రశ్న మారింది. చీకట్లో ఏ బ్రాండు బాగుంటుందని అడగడం మానేసి, ఎగిరే మొహాన్ని ఏది వదలకుండా పట్టుకుంటుందని అడగడం మొదలుపెట్టాను. మొదటి ప్రశ్నకు ఈ రోజుల్లో పెద్దగా జవాబు లేదని నా అభిప్రాయం. 24 మెగాపిక్సెళ్ళ ఫుల్ ఫ్రేమ్ కెమెరాల్లో కానన్‌లో ఆర్6 మార్క్ 2 తీసుకున్నా, నికాన్‌లో జెడ్6 3 తీసుకున్నా, సోనీలో ఇంకోటి తీసుకున్నా, ఐఎస్ఓ 6400 దగ్గర తీసిన మూడు ఫొటోలు పేర్లు చెప్పకుండా పక్కపక్కన పెడితే నేనైతే పోల్చుకోలేను. 2007లో అలా కాదు. అప్పుడు నికాన్ డీ3 వచ్చి చీకటి ఫొటోల తీరే మార్చేసింది, దానికోసం కంపెనీ మారినవాళ్ళున్నారు. 2020లో అసోసియేటెడ్ ప్రెస్ మొత్తంగా సోనీకి మారిందనీ చెప్తారు. నిజమే, కానీ వాళ్ళకి ప్రపంచమంతా తిరిగే ఫొటోగ్రాఫర్లూ, వీడియో తీసేవాళ్ళూ అవే లెన్సులు పంచుకోవాలి. నాకు పంచుకోవడానికి మా ఇంట్లో ఎవరున్నారు?

పైగా పత్రికల్లో మనం చూసే ఆట ఫొటోలు టీవీ లైట్ల కింద తీసినవి. బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ చూడ్డానికి వెళ్ళినప్పుడు మా అమ్మాయి ఫోనులో తీసినవి కూడా చక్కగా వచ్చాయి. చీకటి బాధంతా ఊరి హాళ్ళది. అత్యంత ఖరీదైన కెమెరాలు తయారయ్యేదేమో ఆ బాధ లేనివాళ్ళ కోసం. స్టాక్డ్ సెన్సర్ అనీ గ్లోబల్ షట్టర్ అనీ మనం కట్టే డబ్బు వేగానికి, చీకటికి కాదు. సోనీ ఏ9 3 సెకనుకు 120 ఫ్రేములు తీస్తుంది. దాని ఐఎస్ఓ మొదలవడమే 250 నుంచి. అండర్-13 గేముకి సెకనుకు 120 ఫ్రేములు తీస్తే అవన్నీ ఏరి పారేసేసరికి అమ్మాయి అండర్-15కి వచ్చేస్తుంది.

లైట్ల మినుకు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఇంగ్లండ్‌లోనూ, ఇండియాలోనూ కరెంటు 50 హెర్ట్జ్. కొన్ని రకాల లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి. అమెరికాలో 120 సార్లు. కంటికి తెలియదు. వెయ్యో వంతు షట్టర్‌కి మాత్రం ఒక ఫ్రేము తెల్లగా, తర్వాతది పసుపుగా, మూడోది మసగ్గా పడతాయి. మినుకు పతాకస్థాయికి చేరినప్పుడే షట్టర్ తెరుచుకునే సదుపాయం కొన్ని కెమెరాల్లో ఉంది. కానన్ 7డీ మార్క్ 2లో 2014లోనే వచ్చింది. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే అదే మినుకు ఫొటోకి అడ్డంగా చారలు చారలుగా పడుతుంది, కాబట్టి మెకానికల్ షట్టర్ ఎంత వేగంగా ఆడుతుందన్నది కొనే ముందే చూసుకోవాలి. ప్రకటనల్లో పెద్దక్షరాలతో వేసే అంకె చాలావరకు ఎలక్ట్రానిక్ షట్టర్‌దే.

ఒక వారాంతం టోర్నమెంటుకి వేరే బ్రాండు మిర్రర్‌లెస్ బాడీ, 70-200 ఎఫ్/2.8 అద్దెకు తెచ్చాను. ఐఎస్ఓ అనుకున్న చోటే ఉంది, అద్భుతాలేమీ జరగలేదు. కానీ చిన్న చతురస్రం ఒకటి అమ్మాయి కంటి మీద వాలి, పిల్ల కోర్టంతా పరిగెత్తినా దిగలేదు. నెట్టు అడ్డొచ్చినా చాలాసార్లు మొహాన్నే పట్టుకుంది. మా ఆయన మొదటిసారి మసగ్గా పడ్డారు. నాకు కావలసింది దొరికిందనిపించింది. కాకపోతే బాడీ, లెన్సు కలిపి చేతికి ఇటుక కట్టుకున్నంత బరువు, మధ్యాహ్నానికి మణికట్టు లాగేసింది.

"అయితే నికాన్‌లోనే మిర్రర్‌లెస్ తీసుకో, అంత మారడం ఎందుకు?" అన్నారు మా ఆయన. మామూలుగా చూస్తే అది తెలివైన మాటే. కానీ 1959 నుంచి నడిచిన ఎఫ్ మౌంటుని వదిలి నికాన్ 2018లో జెడ్ మౌంటుకి వచ్చేసింది. నేను నికాన్‌లో ఉన్నా ఇల్లు మారినట్టే. అడాప్టర్ పెడితే నా లెన్సులు పనిచేస్తాయి. పనిచేసి ఏం లాభం? ఒకటి ఎఫ్/5.6 దగ్గర ఆగే జూమ్, రెండోది కోర్టు అవతలి కొసకి చాలని 50 ఎంఎం. కంపెనీల సొంత 70-200 ఎఫ్/2.8లు కొత్తవైతే రెండు వేల పౌండ్ల చుట్టూ, ఆ పైనా తిరుగుతున్నాయి. ఇలాంటప్పుడు బయటి కంపెనీల లెన్సులు ఆదుకోవాలి. కానన్ తన ఆర్ఎఫ్ మౌంటులో ఫుల్ ఫ్రేమ్‌కి ఆ తలుపు గట్టిగా మూసిపెట్టింది. సోనీ బార్లా తెరిచింది. నికాన్ మధ్యలో ఉంది. సోనీకి ట్యామ్రన్ వాళ్ళ 70-180 ఎఫ్/2.8 2020లో వచ్చింది, బరువు 810 గ్రాములు. నా మణికట్టు దానికే ఓటేసింది.

చివరికి తేల్చింది ఇంకొకరు. మా క్లబ్బులోనే ఖమ్మం అమ్మాయి ఒకామె ఉంది, వాళ్ళబ్బాయి అండర్-11. ఆమె దగ్గర సరిగ్గా అదే లెన్సు ఉంది, పెళ్ళి ఫొటోల సరదాతో కొనుక్కుని ఇప్పుడు పెద్దగా తీయడం లేదట. నా సంకటం విని, "బాడీ ఒక్కటి తీసుకో అక్కా, లెన్సు నాది ఉంది గదా. శనివారాలు నువ్వే వాడుకో, మావోడివి గూడ నాలుగు తియ్యి" అంది. ఇంతకంటే గట్టి కారణం ఏ సమీక్షలోనూ కనబడలేదు.

సెకండ్ హ్యాండ్‌లో సోనీ ఏ9 2 తీసుకున్నాను, 2019 మోడల్. మెకానికల్ షట్టర్‌తో సెకనుకు పది ఫ్రేములు, మినుకు చూసి తీసే ఏర్పాటు, కంటిని పట్టుకునే ఫోకస్ అన్నీ ఉన్నాయి. లెన్సు బిగించేటప్పుడు నికాన్‌లో తిప్పిన దిక్కుకి వ్యతిరేకంగా తిప్పాలి. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి ఇంకా అటే పోతోంది. మెనూలు చూస్తే ఆదాయపు పన్ను ఫారాలు గుర్తొస్తున్నాయి. మొన్నటి టోర్నమెంటులో అమ్మాయి రెండో రౌండులోనే ఓడిపోయింది, ఖమ్మం వాళ్ళబ్బాయి ఫైనల్‌కి వెళ్ళాడు. కాబట్టి కార్డు నిండా వాడే.

డీ7200 అమ్మితే వచ్చేది తక్కువని భీమవరం ఫోన్ చేశాను.

"అమ్మకు పిన్నీ, సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా. మా అసిస్టెంట్ కుర్రాడికిస్తాను, హల్దీలు పగటిపూటే కదా. ఛార్జర్ మర్చిపోకు. ఆ 50 లెన్సు కూడా."