కొండవాలు మీద రోడ్డు

రెవిట్‌లో కొండవాలు మీద రోడ్డు గీయడం చూడటానికి సులువే. నేల మీద రెండు అంచులు గీసి తారు రంగు అద్దితే, తడిబట్ట ఆరవేసినట్లు రోడ్డు వాలంతా పరచుకుంటుంది. పైనుంచి ముచ్చటగానే ఉంటుంది. సెక్షన్ తీసి చూస్తే గాని తెలియదు, కొండ ఎంత ఒరిగిందో రోడ్డూ అంతే పక్కకు ఒరిగిందని. (బండి ఎక్కితే నేరుగా లోయలోకే!)

నీళ్ళు జారిపోవడానికి రోడ్డుకు అడ్డంగా నూటికి రెండు, రెండున్నర పాళ్ళ వాలు చాలు. పొడవునా అయితే, కొండ ప్రాంతాల్లో 20 అడుగులకు ఒక అడుగు ఎక్కడం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే సాధారణ పరిమితి. ఘాట్ రోడ్లకు అన్ని మలుపులు అందుకే.

కాబట్టి నేను మధ్యగీత వెంట ఎత్తులు ముందే నిర్ణయించుకుని, రోడ్డును వాలు శ్లాబుగా విడిగా కడతాను. ఆ తరువాతే నేలను పైవైపు కోసి, కిందివైపు నింపుతాను. 2024 కూర్పులో టోపోసాలిడ్ వచ్చాక నేలకు మందం వచ్చింది, కోత స్పష్టంగా కనబడుతోంది. దానితోపాటు ఖర్చూ, మట్టిని ఆపే గోడా కనబడతాయి. ఈమధ్య ఒక లేఅవుటు యజమాని, బొమ్మలో ఆ గోడ అందంగా లేదు, తీసెయ్యమన్నారు. గోడ దిగువన పన్నెండు ఇళ్ళున్నాయి. తీయలేదు. ఆ ఇళ్ళను కూడా మోడల్లో చేర్చి మళ్ళీ పంపాను.