'పడదు' అన్న మాట

మనం 'పడదు' అన్న మాటని ఎంత తేలిగ్గా వాడేస్తామో! వంకాయ పడదు, పెరుగు పడదు, అత్తాకోడళ్లకి పడదు. మందులకు లొంగని టీబీతో మా చెల్లెలు శామీర్‌పేటలోని అత్తవారింటి నుంచి మేడ్చల్‌లో మా ఇంటికొచ్చి ఉన్నన్నాళ్లూ ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

వాళ్ల ఊరికి పక్కనే జీనోమ్ వ్యాలీ. చుట్టూ మందులూ టీకాలూ తయారుచేసే కంపెనీలే. అయినా దానికి మిగిలినవి నాలుగే మందులు: బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్. 2024లో కేంద్రం ఒప్పుకున్న ఆరు నెలల కోర్సు ఇది. అంతకుముందు ఇలాంటి టీబీకి చాలామంది ఏడాదిన్నర పైనే మింగాల్సి వచ్చేది.

మూడో వారంలో ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, నూటరెండు జ్వరం. వాళ్ల అత్తగారు ఫోన్ చేసి, "మందులు పడట్లేదమ్మా, ఆపేసి పసరు వైద్యం చేయిద్దాం" అన్నారు. ఆవిణ్ణి ఏమనగలను? దాన్ని చూస్తే నాకే కడుపు తరుక్కుపోయింది. రాత్రికి రాత్రే కారు మాట్లాడుకుని సిటీకి తీసుకెళ్లాం.

డాక్టరమ్మ నాలుగూ ఆపేశారు. అన్నీ ఆపితే జబ్బు ముదరదా అని నా భయం. ఏది పడలేదో తెలియకుండా ఒకటీ అరా ఇస్తూ పోతే క్రిమి వాటికీ మొండికేస్తుందట. ముందుగా ఆవిడ అడిగింది, "ఏ మాత్ర వేసిన ఎన్ని గంటలకి దురద మొదలైంది?" అని. నా నోటుబుక్కు చేతికిచ్చాను. మాత్ర పేరు, వేసిన టైము, తిన్న తిండి, తర్వాత ఏమైందీ, అన్నీ అందులో ఉన్నాయి. పాలపద్దు రాసే అలవాటు అలా పనికొచ్చింది.

దద్దుర్లు తగ్గాక ఆస్పత్రిలోనే ఉంచి ఒక్కో మందూ మళ్లీ మొదలుపెట్టారు, ముందు కొద్ది డోసుతో. నోట్లో పుండ్లు పడినా, కళ్లు ఎర్రబడినా, చర్మం ఊడినా ఇలా మళ్లీ ఇచ్చి చూసే సాహసం చేయమన్నారు. ఒక్కో మాత్ర వేశాక దాని చేతులు తిప్పి తిప్పి చూస్తూ కూర్చునేదాన్ని. మూడు గడిచాయి. నాలుగోది మాక్సిఫ్లాక్సాసిన్. వేసిన నాలుగు గంటలకి మెడ మీద ఎర్రటి మచ్చలు. దొంగ దొరికాడు! దాన్ని తీసేసి, మిగతా మూడింటితో కోర్సు సాగించారు.

తర్వాత అరికాళ్ల తిమ్మిర్లు వచ్చాయి. ఇంట్లో మళ్లీ అదే పాట, "ఇదీ పడలేదు". అది అలర్జీ కాదు, లినెజోలిడ్ నరాల మీద చూపించే ప్రభావం. చెప్పకుండా దాచకూడదు, మనంతట మనం ఆపకూడదు. డాక్టరమ్మ డోసు తగ్గించారు. ఆ మందు వాడుతుండగా బాగా పులిసినవి పెట్టొద్దని, జలుబు మాత్రలు అడక్కుండా కొనొద్దని కూడా చెప్పారు. పోషణకని ప్రభుత్వం నెలకిచ్చే 1000 రూపాయలు (2024 నవంబరు ముందు 500 ఉండేది) గుడ్లకీ పప్పులకీ సరిపోయాయి.

కోర్సు పూర్తయింది. చెల్లెలి పర్సులో ఒక అట్టముక్క పెట్టాను: మాక్సిఫ్లాక్సాసిన్ అలర్జీ, దాని చుట్టాలు సిప్రో, లివో, ఆఫ్లాక్సాసిన్ డాక్టర్ని అడక్కుండా వద్దు. పోయిన నెల విరేచనాలకని మెడికల్ షాపుకెళ్తే, ఆ అబ్బాయి మొదట తీసింది ఆఫ్లాక్సాసిన్ ఉన్న మాత్రే. చెల్లెలు పర్సు తీసి అట్టముక్క చూపించింది.